పనిదినం గేటు దగ్గర మొదలు కాదు

ఉత్తర భారతదేశంలో చలికాలం ముదిరిందంటే పత్రికలలో రెండు రకాల ఛాయాచిత్రాలు తప్పక దర్శనమిస్తాయి. ఒకటి, పొగమంచులో మసకగా కనిపించే ఇండియా గేటు. రెండవది, విమానాశ్రయంలో పడిగాపులు పడుతున్న ప్రయాణికులు. ఎన్ని విమానాలు ఆలస్యమైనవో, ఎన్ని రైళ్ళు నిలిచిపోయినవో మరునాటికల్లా లెక్క ప్రకటితమవుతుంది. అదే పొగమంచులో, అదే చలిగాలికి ఎదురుగా, తెల్లవారక ముందే సైకిలెక్కి పనికి బయలుదేరిన కార్మికుల లెక్క మాత్రం ఎవరూ తీయరు. వారిలో ఎంతమంది ఆలస్యంగా చేరారో, ఆ ఆలస్యానికి ఎంత కూలి పోగొట్టుకున్నారో, ఎంతమంది అసలు గేటు దాకా చేరనే లేదో ఏ పత్రికా వ్రాయదు.

మేము ఇక్కడ చెప్పదలచినది ఒక్కటే. ఇల్లు వదిలినప్పటి నుండి ఫ్యాక్టరీ గేటు చేరే దాకా, మళ్ళీ గేటు దాటి ఇల్లు చేరే దాకా కార్మికుడు పడే ప్రయాస అతని సొంత వ్యవహారం కాదు. అది అతని పనిదినంలో భాగం. చట్టం ఈ మాటను ఎంతో ఆలస్యంగా అంగీకరించింది. యాజమాన్యాలు నేటికీ అంగీకరించలేదు. దాపరికం లేకుండా చెప్పాలంటే, మన సంఘాలు కూడా ఇంకా పూర్తిగా అంగీకరించలేదు.

చలి అందరికీ ఒకటి కాదు

జనవరి నెలలో ఢిల్లీ కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 7 డిగ్రీల దాపున ఉంటుంది. శీతగాలులు వీచే రోజులలో 4 డిగ్రీలకు, అంతకంటె దిగువకు కూడా పోతుంది. హిమాలయాలలో మంచు కురిసి మబ్బులు విడిపోయిన తరువాత వాయవ్యం నుండి పొడిగాలి దిగివస్తుంది. గాలి లేని నాడు పొగమంచు కమ్ముకుని దారి కనిపించదు. గాలి వీచిన నాడు పొగమంచు తొలగుతుంది కాని, చలి ఎముకలను కొరుకుతుంది. సైకిలు మీద పోయేవానికి రెండు విధాలా కష్టమే.

ఉష్ణమాపకం చూపే అంకె సైకిలు తొక్కేవాని చలి కాదు. గాలి ఏమాత్రం వీచకపోయినా, గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోయేవాడు తన వేగంతోనే తనకొక ఎదురుగాలిని సృష్టించుకుంటాడు. వాతావరణ శాస్త్రజ్ఞులు వాడే లెక్క ప్రకారం, 5 డిగ్రీల చలి అతని ముఖానికి 2 డిగ్రీల చలి వలె తగులుతుంది. నిజంగానే మరొక 15 కిలోమీటర్ల వేగంతో గాలి ఎదురు వస్తే, అతడు భరించేది సున్నా డిగ్రీల చలి. అంతే కాదు. తగిలే గాలివేగం రెట్టింపైతే దాని ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. ఆ ఒత్తిడిని అతడు తన కాళ్ళతో జయించాలి. ఎనిమిది గంటల పనికి ముందు గంట పని అతడు ఆ విధంగా చేసి వస్తాడు. దానికి కూలి లేదు.

ఓఖ్లా, వజీర్‌పూర్, నరేలా, బవానా పారిశ్రామిక వాడల గేట్ల ముందు ఉదయపు షిఫ్టు వేళ కరపత్రాలు పంచుతూ మేము ఎన్నో చలికాలాలు నిలబడ్డాము. వచ్చేవారి వేషం చూస్తేనే వారి కూలి ఎంతో తెలిసిపోతుంది. చొక్కాకూ స్వెట్టరుకూ నడుమ రొమ్ము మీద పాత వార్తాపత్రిక మడతపెట్టుకుంటారు. గాలి దూరకుండా అదే కవచం. చేతి తొడుగులు లేనివారు ప్లాస్టిక్ సంచులు చుట్టుకుని హ్యాండిల్ పట్టుకుంటారు. గేటు చేరిన తరువాత బ్రేకు పట్టిన వ్రేళ్ళు వెంటనే విచ్చుకోవు. కరపత్రం అందిస్తే రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తీసుకున్నవారిని మేము చూశాము. పది నిమిషాలలో ఆ వ్రేళ్ళే ప్రెస్సు యంత్రం క్రిందికి పోవాలి. మొద్దుబారిన వ్రేళ్ళతో యంత్రం ముందు నిలబడితే ఏమి జరుగుతుందో ఊహించడానికి ఇంజనీరు కానక్కరలేదు.

వజీర్‌పూర్‌లో ఉక్కు రేకులను వేడి మీద సాగదీసే రోలింగు మిల్లులున్నాయి. ఎర్రగా కాలిన లోహాన్ని పటకారుతో పట్టే కార్మికుడు షిఫ్టంతా కొలిమి వేడిలో చెమటలు కక్కుతాడు. పని ముగిశాక చెమటతో తడిసిన బట్టలతోనే ఆ చలిగాలిలో సైకిలెక్కుతాడు. దుస్తులు మార్చుకునే గది, ఒళ్ళు కడుక్కోవడానికి వేడి నీళ్ళు, తల తుడుచుకోవడానికి తువ్వాలు కోరడం విలాసం అనిపించుకుంటుంది. ఆ తరువాత అతడు జ్వరంతో పడుకుంటే దానిని ‘చలికాలపు జబ్బు’ అంటారు. అది చలికాలపు జబ్బు కాదు, పని జబ్బు.

దీనికి తోడు విషవాయువు. చలికాలంలో ఢిల్లీ గాలి ఎంతగా చెడుతుందో దేశమంతటికీ తెలుసు. గాలి బాగా చెడిన నాడు ప్రజలు ఆరుబయట శ్రమపడవద్దని ప్రభుత్వం సలహా ఇస్తుంది. సలహా మంచిదే. కాని సైకిలు తొక్కేవాడు కూర్చున్నవాని కంటె ఎన్నో రెట్లు గాలి పీలుస్తాడు. లారీ పొగగొట్టానికి అతని ముఖం నాలుగడుగుల దూరంలో ఉంటుంది. ఆ సలహాను పాటించాలంటే అతడు ఆనాటి కూలి వదులుకోవాలి. ఆ కూలి ఎవరిస్తారో సలహాలో ఉండదు.

వీరు కొద్దిమంది కాదు

సైకిలు కాలం చెల్లిన వాహనమనీ, ఇప్పుడు ప్రతివానికీ మోటారు సైకిలున్నదనీ కొందరు అంటారు. 2011 జనాభా లెక్కలలో, వ్యవసాయేతర పనులు చేసేవారు పనికి ఏ విధంగా పోతున్నారని అడిగారు. సుమారు 20 కోట్ల మందిలో 2 కోట్ల 60 లక్షల మందికి పైగా సైకిలు మీద పోతున్నామన్నారు. అంటే నూటికి 13 మంది. మోటారు సైకిళ్ళు, స్కూటర్లు వాడేవారి కంటె వారే ఎక్కువ. నడిచిపోయేవారు నాలుగున్నర కోట్ల మంది. ఆ తరువాత రోడ్లపై మోటారు వాహనాలు పెరిగిన మాట నిజమే. కాని ఏ పారిశ్రామిక వాడకైనా ఉదయం ఆరున్నర గంటలకు పోయి చూడండి. సైకిలు పోలేదు. పోయినది సైకిలు తొక్కేవానికి చోటు.

దేశంలో సైకిళ్ళకు రాజధాని లూధియానా. బీహారు, ఉత్తరప్రదేశ్ నుండి వలస వచ్చిన కార్మికులు అక్కడి ఫ్యాక్టరీలలో ఫ్రేములు అతుకుతారు, రిమ్ములు వంచుతారు, ఫ్రీవీళ్ళు బిగిస్తారు. పంజాబు చలి ఢిల్లీ చలి కంటె తక్కువది కాదు. దేశానికంతటికీ సైకిళ్ళు తయారుచేసే ఆ కార్మికుడే పాత సైకిలు మీద, దీపం లేకుండా, పొగమంచులో తన గదికి తిరిగి పోతాడు.

తెలుగు పాఠకులలో కొందరు ఇది ఉత్తరాది సమస్య అనుకోవచ్చును. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులోనూ, భిలాయి ఉక్కు నగరంలోనూ తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలను అడిగి చూడండి, పనికీ సైకిలుకూ ఉన్న సంబంధం చెబుతారు. పటాన్‌చెరులోనో గాజువాకలోనో కార్మికుని ఎదుర్కొనేది చలిగాలి కాకపోవచ్చు, మే నెల ఎండ కావచ్చు, తుపాను వాన కావచ్చు. ఋతువు మారుతుంది. దారి ఖర్చును కార్మికుని శరీరమే భరించాలన్న నీతి మారదు.

పన్నెండు నిమిషాల ఖరీదు

కొన్నేళ్ళ క్రిందట ఒక ఫ్యాక్టరీ టైమాఫీసు ముందు జరిగిన సంగతి చెబుతాము. ఆనాడు పొగమంచు ఎంత దట్టంగా ఉన్నదంటే, పది గజాల దూరాన నిలిచిన లారీ కూడా కానరాలేదు. ఒక కార్మికుడు రోడ్డు ప్రక్కన సైకిలు దిగి, రెండు కిలోమీటర్లు నడిపించుకుంటూ వచ్చాడు. 12 నిమిషాలు ఆలస్యమైంది. సగం రోజు కూలి కోత వేశారు. మేము వెళ్ళి అడిగితే, “గేటు దాటిన తరువాతనే అతడు మా మనిషి. దారి సంగతి మాకెందుకు?” అని జవాబు వచ్చింది. బయటకు వచ్చిన తరువాత ఆ కార్మికుడు మాతో, “నేతాజీ, సైకిలు తొక్కుతూ వచ్చి ఉంటే టైముకు చేరేవాణ్ణి, లేకపోతే చచ్చి ఉండేవాణ్ణి. రెండింటిలో ఏది జరిగినా వాళ్ళకు నష్టం లేదు” అన్నాడు. ఆ మాటకు మా వద్ద జవాబు లేదు.

ఈ కోత చట్టవిరుద్ధం. గైర్హాజరైన కాలానికి తగిన నిష్పత్తిలో తప్ప అంతకుమించి కూలి కోయరాదని 1936 నాటి వేతన చెల్లింపు చట్టమే చెప్పింది. 2019 వేతన కోడ్ కూడా అదే నియమాన్ని ఉంచింది. ఎనిమిది గంటల పనిదినంలో 12 నిమిషాలంటే నలభైవ వంతు. రోజు కూలి 800 రూపాయలనుకుంటే కోత 20 రూపాయలు దాటరాదు. సగం రోజు కోత అంటే 400 రూపాయలు. మిగిలిన 380 రూపాయలు ఎవరి జేబులోకి పోయినట్టు? ఈ చిన్న లెక్కను ప్రతి గేటు ముందూ బల్ల మీద సుద్దముక్కతో వ్రాసి చూపడం మన శాఖల కర్తవ్యం.

చట్టం నడిచిన దారి

కూలి కోత కంటె పెద్దది ప్రాణం సంగతి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించినవారు 1,68,491 మంది అని ప్రభుత్వ నివేదిక చెబుతున్నది. వారిలో 4,800 మందికి పైగా సైకిలు మీద పోయేవారు. పనికి పోతూ, పని నుండి వస్తూ మరణించినవారు అందులో ఎంతమందో ఆ నివేదిక విడదీసి చెప్పదు.

1971 జూన్ 26న కేరళలో ఒక కార్మికుడు మధ్యాహ్నపు షిఫ్టుకు సైకిలు మీద పోతున్నాడు. షిఫ్టు 4.30 గంటలకు. 4.15 గంటలకు, ఫ్యాక్టరీకి కిలోమీటరు దూరంలో, లారీ అతణ్ణి గుద్దింది. ఆ లారీ అతని యాజమాన్యానిదే. ఎముక విరిగింది. ఇది పనిలో తగిలిన గాయమేనని ఇ.ఎస్.ఐ. కోర్టు, హైకోర్టు అన్నాయి. వ్యాజ్యం సుప్రీం కోర్టు చేరింది. పాతికేళ్ళ తరువాత 1996లో తీర్పు వచ్చింది. రోడ్డు ప్రమాదం ఎవరికైనా, ఎక్కడైనా జరుగవచ్చు గనుక, పనిస్థలం చేరకముందు తగిలిన ఆ గాయాన్ని ఉద్యోగ కారణంగా కలిగినదిగా పరిగణించలేమన్నది ఆ తీర్పు సారాంశం. షిఫ్టు లేకపోతే ఆ మనిషి ఆ వేళకు ఆ రోడ్డు మీద ఉండడానికి మరో కారణమేమిటన్న ప్రశ్నకు మాత్రం కార్మికులకు సమాధానం దొరకలేదు.

ఆ సమాధానం పార్లమెంటు ద్వారా రావలసి వచ్చింది. 2010లో ఇ.ఎస్.ఐ. చట్టాన్ని సవరించి 51-ఇ అనే సెక్షను చేర్చారు. ఇంటి నుండి పనికి పోయేటప్పుడూ, పని నుండి ఇంటికి వచ్చేటప్పుడూ జరిగిన ప్రమాదం, దాని పరిస్థితులకూ, వేళకూ, స్థలానికీ ఉద్యోగంతో సంబంధమున్నట్టు తేలితే, ఉద్యోగంలో జరిగినట్టే భావించాలని అది నిర్దేశించింది. 2025 జూలైలో సుప్రీం కోర్టు ఇంకొక అడుగు ముందుకు వేసింది. మహారాష్ట్రలో 2003లో తెల్లవారుజాము 3 గంటల డ్యూటీకి మోటారు సైకిలు మీద పోతూ మరణించిన ఒక చక్కెర ఫ్యాక్టరీ కావలివాని కేసులో, ఈ సూత్రం 1923 నాటి నష్టపరిహార చట్టానికి కూడా వర్తిస్తుందని తీర్పు చెప్పింది. అంటే ఇ.ఎస్.ఐ. లేని కార్మికునికి కూడా ఈ హక్కు ఉన్నట్టే. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో కూడా ఈ సూత్రాన్ని పొందుపరచారు. నాలుగు లేబర్ కోడ్‌ల పట్ల మన వ్యతిరేకతలో మార్పు లేదు. కాని పోరాటాల ఫలితంగా చట్టంలోకి వచ్చిన ఒక హక్కును, అది ఏ పుస్తకంలో ఉన్నా సరే, వాడుకోకుండా వదలడం వివేకం కాదు.

ఈ హక్కు విలువ ఎంతో అంకెలలో చూడండి. దారిలో గాయపడిన కార్మికుణ్ణి మామూలు రోగిగా నమోదు చేస్తే, ఇ.ఎస్.ఐ. క్రింద అతనికి వచ్చేది కూలిలో నూటికి 70 వంతులు. అదీ ఏడాదిలో 91 రోజులకు మించి రాదు. అదే ఉద్యోగ ప్రమాదంగా నమోదు చేస్తే నూటికి 90 వంతులు, అతడు పనికి అశక్తుడై ఉన్నంత కాలమూ వస్తుంది. మరణిస్తే కుటుంబానికి ఆశ్రిత భృతి వస్తుంది. ఈ రెండింటి మధ్య తేడా అంతా ఒక కాగితం మీద ఆధారపడి ఉన్నది. యాజమాన్యం ప్రమాద నివేదిక పంపిందా, లేదా? పోలీసు ఎఫ్.ఐ.ఆర్.లో ‘డ్యూటీకి పోతుండగా’ అన్న మాట పడిందా, లేదా? ఆసుపత్రిలో నొప్పితో మూలుగుతున్న మనిషికి ఇవి గుర్తుండవు. సంఘానికి గుర్తుండాలి.

రోడ్డు ఎవరిది?

మనుషులు కదలాలి గాని వాహనాలు కాదు అన్న సూత్రాన్ని 2006 జాతీయ పట్టణ రవాణా విధానం ప్రకటించింది. ఆచరణలో జరిగినది వేరు. ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుండి మూల్‌చంద్ దాకా 2008లో తెరచిన ప్రత్యేక బస్సు మార్గంలో సైకిళ్ళకు విడిగా దారి ఉండేది. అందులో లోపాలు లేకపోలేదు. కాని కార్లలో పోయేవారి ఆగ్రహానికి గురై, 2016లో ఆ మార్గమే కూల్చివేతకు గురైంది. కలకత్తాలో 2013 నాటికి 174 రోడ్ల మీద సైకిళ్ళను నిషేధించారు. పాలు, పత్రికలు వేసేవారూ, ఇళ్ళలో పనిచేసేవారూ ఆందోళన చేసిన పిమ్మట ఆ సంఖ్యను తగ్గించారు.

ఇటీవల ప్రభుత్వాలకు సైకిలు మీద ప్రేమ కలిగిన మాట వాస్తవం. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు ప్రక్కన 23 కిలోమీటర్ల పొడవున, సౌర ఫలకాల కప్పుతో సైకిలు దారిని 2023లో ప్రారంభించారు. ఎండకు నీడ, వానకు గొడుగు. చూడముచ్చటైన పని. మేము దానిని తప్పుపట్టము. ఆరోగ్యం కోసం ఆదివారం సైకిలు తొక్కేవానికి కప్పు వేయగలిగిన ప్రభుత్వం, అన్నం కోసం ఆరు రోజులు తొక్కేవానికి కనీసం తెల్లగీత గీసి, వీధిదీపం వెలిగించలేదా అని మాత్రమే అడుగుతున్నాము.

ఒక ఆక్షేపణ

మన సంఘాలలోనే ఒక ఆక్షేపణ వినబడుతున్నది. “కార్మికుణ్ణి సైకిలు మీదనే ఉంచుతారా? బస్సు కోసం పోరాడాలి, మోటారు సైకిలు కొనగల వేతనం కోసం పోరాడాలి గాని” అంటారు. పోరాడవలసినదే. అంతకన్న మించి, పనిస్థలం దగ్గర నివాసం కోసం కూడా పోరాడాలి. బస్తీలు ఖాళీ చేయించి నగరం అంచులకు తరలించినప్పుడు ఎందరికో పని ఒక మూల, ఇల్లు ఒక మూల అయినవి. కాని అవన్నీ సాధించే దాకా, రేపు ఉదయం ఐదున్నరకు బయలుదేరే మనిషిని ఏమి చేద్దాము? పెద్ద కోర్కె పేరు చెప్పి చిన్న హక్కును వాయిదా వేయడం యాజమాన్యానికే లాభం.

ఇది కొత్త కోర్కె కూడా కాదు. ప్రభుత్వ ఉద్యోగులకు సైకిలు భత్యం చాలాకాలంగా ఉన్నది. ఏడవ వేతన సంఘం దానిని తొలగించమన్నది. తపాలా శాఖలో పోస్టుమాన్లకూ, రైల్వేలో ట్రాక్‌మన్లకూ మాత్రం దానిని నిలిపి, 2017లో నెలకు 90 రూపాయల నుండి 180 రూపాయలకు పెంచారు. మొత్తం చిన్నది. ఒక పాత టైరుకు కూడా బహుశా చాలదు. కాని అందులోని సూత్రం పెద్దది. కార్మికుని సైకిలు పనిముట్టు అనీ, దాని ఖర్చులో పనిచేయించుకునేవానికి బాధ్యత ఉన్నదనీ సర్కారు స్వయంగా ఒప్పుకున్నట్టే.

లోపం మన వద్ద కూడా ఉన్నది. ముప్పై ఏళ్ళుగా మేము వ్రాసిన కోర్కెల పత్రాలను తిరగవేసి చూసుకున్నాము. కరువు భత్యం ఉన్నది, బోనసు ఉన్నది, క్యాంటీను ఉన్నది. దారి సంగతి ఎక్కడా లేదు. యాజమాన్యం వలెనే మేము కూడా గేటు దగ్గరే ఆగిపోయాము. ఈ తప్పును ఒప్పుకోవడానికి సంకోచించము.

చేయవలసినది

ప్రతి శాఖ తన కోర్కెల పత్రంలో ఈ క్రింది అంశాలను చేర్చవలసిందని కోరుతున్నాము.

1. దట్టమైన పొగమంచు, శీతగాలుల హెచ్చరికలు వెలువడిన రోజులలో షిఫ్టు ప్రారంభానికి కనీసం అరగంట సడలింపు ఇవ్వాలి. ఏ రోజునైనా ఆలస్యమైన నిమిషాలకు మించి కోత ఉండరాదు.

2. గేటు లోపల కప్పు గల సైకిలు స్టాండు, దుస్తులు మార్చుకునే గది, వేడి నీళ్ళు, షిఫ్టుకు ముందు చేతులు కాచుకుని టీ త్రాగడానికి పది నిమిషాల వ్యవధి ఉండాలి. కాంట్రాక్టు కార్మికులకు కూడా ఇవి సమానంగా వర్తించాలి.

3. ప్రతి ఏటా చలికాలానికి ముందు స్వెట్టరు, చేతి తొడుగులు, చీకటిలో మెరిసే పట్టీలు, సైకిలు దీపం ఇవ్వాలి. పోస్టుమాన్ల తరహాలో సైకిలు భత్యం, నేటి ధరలకు తగినట్టుగా, చెల్లించాలి.

4. పారిశ్రామిక వాడలకు పోయే రోడ్ల మీద వీధిదీపాలు, సైకిళ్ళకు విడి దారి, షిఫ్టు వేళలలో లారీలపై నియంత్రణ ఉండాలి. రాత్రి షిఫ్టు ముగించుకునే మహిళలకు యాజమాన్యమే వాహనం ఏర్పాటు చేయాలి.

5. దారిలో జరిగిన ప్రతి ప్రమాదాన్నీ ఉద్యోగ ప్రమాదంగా నమోదు చేయించడానికి ప్రతి శాఖలో ఒక కార్యకర్తకు బాధ్యత అప్పగించాలి. షిఫ్టు కార్డు, హాజరు పట్టీ, ఎఫ్.ఐ.ఆర్. నకలు అతడు వెంటనే సేకరించాలి.

మొదటి నాలుగు కోర్కెలకు యాజమాన్యాన్నీ ప్రభుత్వాన్నీ ఒప్పించాలి. ఐదవదానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఈ వారమే మొదలు పెట్టవచ్చును.

శాఖా కార్యదర్శులకు మరొక విన్నపం. రేపు ఉదయం గేటు దగ్గర కాక, గేటుకు మూడు కిలోమీటర్ల ఇవతల, కార్మికులు వచ్చే రోడ్డు మీద నిలబడండి. అరగంట చాలు. ఎవరు దీపం లేకుండా వస్తున్నారో, ఎక్కడ గుంట ఉన్నదో, ఏ మలుపులో లారీలు నిలుపుతున్నారో వ్రాసుకోండి. ఆ చలిగాలి మీ ముఖాన కూడా తగలనివ్వండి. ఆ తరువాత కోర్కెల పత్రం వ్రాయడానికి కూర్చుంటే, మొదటి వాక్యం ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు.